మంగళవారం పద్దు

జూన్ ముప్పై తర్వాత డబ్బు రాదని
ఉత్తరం వచ్చింది టోకోరోవాకి.
రగ్బీ క్లబ్బు వెనక గదికి అద్దె,
గ్యాస్ హీటరు, బిస్కట్లు,
తమేహానా పాత కారుకి పెట్రోలు.
పద్దుల పుస్తకం నా దగ్గరుంటుంది.
ముప్పై ఏళ్ళు బ్యాంకు కిటికీ వెనక కూర్చున్నదాన్ని,
సున్నాలంటే భయం లేదు నాకు.

దరఖాస్తులో పదకొండో గడి దగ్గరే కలం ఆగింది:
ఫలితాలను అంకెల్లో చూపండి.

ఏం చూపను?
చిల్లు పడని గోడలనా?
డెస్మండ్ మాటమధ్యలో లేచి
కారు తాళాలు వంటింటి బల్లమీదే వదిలేసి
మిల్లు గేటుదాకా మంచులో నడిచి
గంధకం వాసనతో తిరిగొచ్చిన రాత్రుల్నా?
ఆ రాత్రి ఏం జరగలేదు.
జరగనిదానికి రసీదు ఎవరిస్తారు?

ఒకసారి టీ కాచడానికని ఉండిపోయాను.
కొత్తగా వచ్చిన కుర్రాడు, కోర్టు పంపితే వచ్చినవాడు,
నేల చూస్తూ అన్నాడు,
"చెయ్యి జారింది."
తమేహానా గొంతు పెంచలేదు.
"జారడానికి తడి గ్లాసా అది?
నీ భుజానికున్న చెయ్యి.
ఎవరెత్తారు?"
హీటరు బుస తప్ప ఇంకేం వినపడలేదు చాలాసేపు.
నా చేతిలో టీ చల్లారిపోయింది.
మా నాన్న చెయ్యికూడా ఎప్పుడూ జారేది.
అమ్మ రాసిన పాల లెక్కల్లో ఎక్కడా ఉండదది.

నైరీ మొహమాటపడే మనిషి కాదు.
పారిపోయి వచ్చిన ఆడవాళ్ళ ఇల్లు నడుపుతుంది.
"పడకలు ఆరు, మనుషులు తొమ్మిదిమంది,
కప్పు కారుతోంది లొరేన్,
నువ్వేమో ఆ మగాళ్ళ బిస్కట్లకి చెయ్యి చాస్తున్నావ్."
నేను జవాబు చెప్పలేదు.
ఆమె అన్నదాంట్లో ఒక్క అంకే తప్పు లేదు.

సభకి మాత్రం వచ్చింది,
తడి గొడుగుతో, ఎవరూ పిలవకుండానే.
"దుప్పట్లు అడగడానికి మళ్ళీ వస్తాను,
మర్చిపోయాననుకోకండి.
పదహారేళ్ళుగా తలుపు తీస్తున్నాను.
వాళ్ళు ఏ ఇంటినుంచి పరిగెత్తుకొస్తున్నారో
ఆ ఇంటికి కూడా ఎవరో ఒకరు వెళ్ళాలి కదా."
అంతే. కూర్చుంది.
హ్యాడో గారు గడియారం చూసుకున్నారు,
రోడ్లగుంతల పద్దు ఇంకా మిగిలుంది మరి.

"అనుకూలమైనవాళ్ళు చేతులెత్తండి."

ఆరు చేతులు ఒక్కసారిగా లేచాయి.
వెనక వరసలో మెరెయానా
ఎడమ భుజం చెవిదాకా ముడుచుకుంది.
డెస్మండ్ ఆమెమీద చెయ్యి చేసుకుని నాలుగేళ్ళవుతోంది.
ఆ భుజానికి ఎవరూ చెప్పలేదు.
డెస్మండ్ చూశాడు.
ఏం మాట్లాడలేదు, దగ్గరికి జరగలేదు,
రెండు అరచేతులూ తొడలకింద పెట్టుకుని
బడిపిల్లాడిలా కూర్చున్నాడు
సభ ముగిసేదాకా.

అడిగినదాంట్లో సగం ఇచ్చారు. ఆర్నెల్లకి.
చప్పట్లు కొట్టాలో వద్దో తెలీక
కోట్లు తొడుక్కున్నాం.

ఆ రాత్రి పుస్తకం తెరిచాను.
జమ: తొమ్మిదివేల రెండొందల డాలర్లు.
ఖర్చు రాశాను, తేదీ రాశాను.
కింద, గీతలు లేని అంచులో,
ఆడిటరు చూస్తే చూడనీ అని,
చిన్న అక్షరాలతో:
వెనక వరస, ఎడమ భుజం. బాకీ.

వచ్చే మంగళవారం నుంచి
హీటరు అరగంట ఆలస్యంగా వేస్తారట.
బిస్కట్లు చవకరకం తెచ్చాను,
టీలో ముంచితే విరిగిపోయేవి.